ఓవెన్‌లో కరకరలాడే బంగాళాదుంపలు ఎలా చేయాలి

ఓవెన్‌లో బంగాళాదుంపలు చేసి చూశామన్నవాళ్ళలో ఎక్కువమంది నాతో అన్న మాట ఒకటే: పైన తోలులా సాగాయి, లోపల గట్టిగా ఉన్నాయి, దీనికంటే బాండీలో వేపుడే నయం అని. ముక్కలు కోసి, ఉప్పూ కారం పసుపూ నూనే పట్టించి, ట్రే నిండా కుక్కి ఓవెన్‌లో పెడితే వచ్చేది అదే మరి. నేనూ చాలాకాలం అలాగే చేశాను. 2017లో మా అమ్మాయి పురిటికి ఇంగ్లండ్ వెళ్ళి లీడ్స్‌లో ఐదు నెలలు ఉన్నాను. ఒక ఆదివారం పక్కింటి పెద్దావిడ భోజనానికి పిలిచింది. ఆవిడ పెట్టిన దుంపలు తిన్నాక తెలిసింది, మనం మొదటి మెట్టు దగ్గరే తప్పుతున్నామని. అక్కడ ఆదివారం మధ్యాహ్నం మాంసం పక్కన ఈ దుంపలు లేకపోతే చాలా ఇళ్ళలో అది భోజనం కిందే లెక్క కాదు. కొరికితే పైపెచ్చు చప్పుడు పక్కనున్నవాళ్ళకి వినపడుతుంది, లోపల మాత్రం వెన్నలా మెత్తగా ఉంటుంది. ఆవిడ వంటింట్లో రెండు ఆదివారాలు నిలబడి చూసి నేర్చుకున్నాను. హైదరాబాద్ తిరిగొచ్చాక మన ఓటీజీకి (గట్టు మీద పెట్టుకునే చిన్న కరెంటు ఓవెన్), మన మార్కెట్లో దొరికే దుంపకి, మన పప్పుచారు పక్కన నంజుకోవడానికి కుదిరేలా కొంచెం కొంచెం మార్చుకుంటూ వచ్చాను.

పని మొదలుపెట్టే ముందు ఒక్క సంగతి మనసులో పెట్టుకోండి. నూనె ఎక్కువ పోసినంత మాత్రాన కరకర రాదు, పైపొరలో తడి పోతేనే వస్తుంది. ముక్క మీద తడి ఉన్నంతసేపూ అక్కడి వేడి 100 డిగ్రీల దగ్గరే ఆగిపోతుంది, అంటే ముక్క ఉడుకుతుందే తప్ప వేగదు. తడి ఆరాకే వేడి పైకెక్కి, పిండి గట్టిపడి, బంగారు రంగు తిరుగుతుంది. రెండోది గరుకు. కత్తితో నున్నగా కోసిన ముఖం మీద నూనె జారిపోతుంది, అదే పైన పొట్టుపొట్టుగా లేచి ఉంటే ప్రతి పొట్టుకీ నూనె పట్టుకుని విడివిడిగా వేగుతుంది. ఇక్కడి నుంచి నేను చెప్పే ప్రతి పనీ ఈ రెండింటి కోసమే. ఎక్కడైనా మీ దగ్గర ఒక వస్తువు లేకపోయినా, ఒక మెట్టు మార్చుకోవాల్సి వచ్చినా, "దీనివల్ల తడి పోతుందా, గరుకు వస్తుందా" అని చూసుకుంటే చాలు.

ఏమేం కావాలి

నలుగురికి కిలో దుంపలు, అంటే మనిషికి పావుకిలో లెక్క. నూనె ఐదు టేబుల్ స్పూన్లు, ఉప్పు, వంటసోడా అర టీస్పూను, బొంబాయి రవ్వ రెండు టేబుల్ స్పూన్లు. చివర్లో కలపడానికి ఒక టేబుల్ స్పూను నెయ్యి, ఆరేడు వెల్లుల్లి రెబ్బలు, రెండు రెమ్మల కరివేపాకు, ఒకటిన్నర టీస్పూను వెల్లుల్లి కారం. అంతే. మొత్తం మీద గంటన్నర పడుతుంది కానీ అందులో మీరు చేతులు పెట్టేది ఇరవై, ఇరవై ఐదు నిమిషాలే, మిగతాదంతా ఓవెన్ పని.

ఒక ముఖ్యమైన మాట. మీది ముప్ఫై లీటర్ల లోపు ఓటీజీ అయితే కిలో పెట్టకండి, ఆ ట్రేలో 700 గ్రాములు మించితే ముక్కలు ఒకదాన్నొకటి ఆనుకుంటాయి. ఆనుకున్న చోట ఆవిరి బయటికి పోలేక మెత్తబడిపోతుంది. ముక్కకీ ముక్కకీ మధ్య కనీసం వేలు పట్టే సందు ఉండాలి. ఎక్కువమందికి కావాలంటే రెండు వాయిలు చేసుకోవాలి తప్ప ఇరికించకూడదు, ఇందులో సర్దుబాటు లేదు.

దుంప ఎంచుకోవడం

బంగాళాదుంప అనండి, ఆలుగడ్డ అనండి, ఉర్లగడ్డ అనండి, సగం ఫలితం దీని మీదే ఉంటుంది. ఇంగ్లండ్‌లో అయితే సూపర్ మార్కెట్ సంచి మీదే రకం పేరు రాసి ఉంటుంది, మారిస్ పైపర్ గానీ కింగ్ ఎడ్వర్డ్ గానీ తీసుకుంటే చాలు. అమెరికాలో ఉన్నవాళ్ళు రస్సెట్ తీసుకోండి, పెచ్చు బాగా వస్తుంది, లేదా యూకాన్ గోల్డ్ తీసుకుంటే పెచ్చు కాస్త తగ్గినా లోపల వెన్నలా ఉంటుంది. మన దగ్గర రకం పేరు చెప్పి అమ్మేవాళ్ళు తక్కువ, పాత ఆలు, కొత్త ఆలు అన్న తేడా మాత్రం ప్రతి బండి దగ్గరా చెబుతారు. దీనికి పాత ఆలే కావాలి. చలికాలంలో వచ్చే కొత్త దుంప, గోటితో గీరితే తొక్క ఊడొచ్చేది, కూరకి బ్రహ్మాండంగా ఉంటుంది గానీ అందులో నీరెక్కువ, పిండి తక్కువ, ఎంత వేయించినా పెచ్చు పలచగానే వస్తుంది. చిప్స్ కోసమని సిమ్లాలోని కేంద్ర బంగాళాదుంప పరిశోధన సంస్థ వాళ్ళు తయారుచేసిన కుఫ్రీ చిప్సోనా రకం ఎక్కడైనా కనిపిస్తే వదలకండి, అందులో పిండి ఎక్కువ, చక్కెర తక్కువ, ఈ పనికి దాన్ని మించింది నాకు ఇక్కడ దొరకలేదు.

రకం తెలియకపోతే ఒక దుంప కోసి చూడండి. కత్తికి తెల్లటి పాలలాంటి పిండి అంటుకుని, రెండు చెక్కలూ కలిపి రుద్దితే నురగలా వస్తే మంచి దుంప. కోసిన ముఖం నీళ్ళూరుతూ మెరుస్తూ ఉంటే దాన్ని కూరకి ఉంచండి.

చక్కెర మాట ఎందుకన్నానంటే, ఉత్తరప్రదేశ్ నుంచి వచ్చే పంట ఫిబ్రవరి, మార్చి నెలల్లో తవ్వి కోల్డ్ స్టోరేజీలో పెడతారు, వర్షాకాలంలో మనం కొనేదంతా చాలావరకు అదే. బాగా చల్లటి చోట ఉంచిన దుంపలో పిండి కొంత చక్కెరగా మారుతుంది. అలాంటి దుంప ఓవెన్‌లో పెడితే లోపల ఉడికేలోపే పైన నల్లబడుతుంది, తింటే తియ్యగా, చివర చేదుగా ఉంటుంది. ఇంటికి తెచ్చాక ఫ్రిజ్‌లో పెట్టకుండా, గాలి ఆడే బుట్టలో, వెలుతురు పడని చోట ఒకటి రెండు వారాలు ఉంచితే ఆ తీపి కొంతవరకు తగ్గుతుంది. నేను ఆగస్టు, సెప్టెంబర్ నెలల్లో ఎప్పుడూ ముందే కొని పెట్టుకుంటాను. ఆకుపచ్చగా తిరిగిన దుంపల్ని, బాగా మొలకలొచ్చినవాటిని వాడొద్దు.

కోయడం, ఉడకబెట్టడం

చెక్కు తీసేయండి. తొక్కతో చేసే పద్ధతీ ఉంది కానీ తొక్క ఉన్న వైపు గరుకు రాదు. నిమ్మకాయ కంటే కాస్త పెద్ద దుంపని రెండు ముక్కలు, మన పిడికిలంత దుంపని నాలుగు ముక్కలు చేయండి, ఒక్కో ముక్క నాలుగైదు సెంటీమీటర్లు ఉండాలి. వేపుడుకి కోసినట్టు చిన్న చిన్న ముక్కలు కోస్తే లోపల మెత్తదనానికి చోటే ఉండదు, మొత్తం ఎండిపోయి వడియాల్లా అవుతాయి. అన్నీ ఒకే సైజులో ఉండేలా చూసుకోండి, అడ్డంగా కాకుండా ఏటవాలుగా కోస్తే అంచులు ఎక్కువొస్తాయి, అంచుల దగ్గరే కరకర ఎక్కువ. కోసినవి ఒకసారి నీళ్ళలో కడిగేయండి.

పెద్ద గిన్నెలో రెండు లీటర్ల నీళ్ళు మరిగించి, ఒకటిన్నర టేబుల్ స్పూను ఉప్పు, అర టీస్పూను వంటసోడా వేసి ముక్కలు వేయండి. ఉప్పు ఎక్కువని భయం వద్దు, అది నీళ్ళతోపాటే వెళ్ళిపోతుంది, లోపలిదాకా ఉప్పు పట్టేది మాత్రం ఇక్కడే, తర్వాత పైన ఎంత చల్లినా లోపలికి పోదు.

సోడా ఎందుకో చెప్పాలి, ఎందుకంటే చాలామంది దీన్ని వదిలేస్తారు. పులుసులో వేసిన బంగాళాదుంప ముక్క చూశారు కదా, చింతపండు రసం పోశాక ఎంతసేపు మరిగినా అంచు చెదరదు, అందుకే మన ఇళ్ళలో ముక్క ఉడికాకే పులుసు పోస్తారు. దుంపలో కణాల్ని జిగురులా పట్టి ఉంచే పెక్టిన్ అనే పదార్థం పులుపులో కరగదు. సోడా దానికి పూర్తిగా వ్యతిరేకం, క్షారం తగిలితే ఆ జిగురు త్వరగా వదులుతుంది. అందుకని లోపల సరిగ్గా ఉడికే సమయానికి పైపొర మాత్రం మెత్తగా విచ్చుకుని పిండిలా అవుతుంది. మనకి కావలసిన గరుకు అదే. పైగా క్షారం వల్ల ఓవెన్‌లో రంగు కూడా తొందరగా తిరుగుతుంది. అర టీస్పూను మించొద్దు, ఎక్కువైతే సబ్బు వాసన వస్తుంది, ముక్కలు నీళ్ళలోనే కరిగిపోతాయి.

మళ్ళీ మరగడం మొదలయ్యాక పది నిమిషాలు చూడండి. కుక్కర్‌లో మాత్రం వద్దు, ఒక్క విజిల్ తేడాలో ముద్దయిపోతాయి. చాకు మొన గుచ్చితే సులువుగా దిగాలి, నడిమధ్యలో కొంచెం అడ్డం తగలాలి, ముక్క అంచులు మసకగా, కొద్దిగా చెదిరినట్టు కనిపించాలి. చాలామంది ఇక్కడ తొందరపడి ఐదు నిమిషాలకే దించేస్తారు, తర్వాత ఓవెన్‌లో ఉడుకుతుందిలే అనుకుంటారు. ఉడుకుతుంది, కానీ పెచ్చు రాదు. కాస్త ఎక్కువ ఉడికినా ఫర్వాలేదు, తక్కువ ఉడికితేనే నష్టం.

ఆరబెట్టడం, కుదపడం

ఈ వంటకి ప్రాణం ఇక్కడే ఉంది. చిల్లుల గిన్నెలోకి వార్చేసి, ఒక నిమిషం అలాగే వదిలి, ఖాళీ అయిన వేడి గిన్నెలోకే ముక్కలు మళ్ళీ వేసి, సన్నని సెగ మీద ఒక నిమిషం ఉంచండి. అన్నం వార్చాక గిన్నెని మళ్ళీ పొయ్యి మీద పెట్టి ఇగరబెట్టినట్టే. ఆవిరి గుప్పుగుప్పుమని లేస్తుంది, అది పోతున్నది మీ ముక్క మీది తడే. తర్వాత పొయ్యి కట్టేసి మూత పెట్టకుండా ఐదు నిమిషాలు వదిలేయండి. ముక్కల మీద తెల్లగా, పొడిగా, సున్నం పూసినట్టు కనిపించడం మొదలవుతుంది. ఆ రంగు వచ్చేదాకా ఆగండి.

ఇప్పుడు రెండు టేబుల్ స్పూన్ల నూనె, రవ్వ వేసి, మూత పెట్టి, గిన్నెని రెండు చేతులతో పట్టుకుని చాటలో బియ్యం చెరిగినట్టు నాలుగైదు సార్లు ఎగరేయండి. మూత తీసి చూస్తే ముక్కలన్నిటి మీదా చిదిమిన దుంప పలచగా పూత పూసినట్టు ఉండాలి. లేకపోతే ఇంకో రెండు సార్లు. ముక్కలు రెండు మూడు విరిగినా బాధపడొద్దు, ట్రేలో అందరికంటే ముందు అయిపోయేవి ఆ చిన్న ముక్కలే.

రవ్వ సంగతి నన్ను చాలా ఆశ్చర్యపరిచింది. లీడ్స్‌లో ఆవిడ డబ్బా తీసి దుంపల మీద చల్లుతుంటే చూస్తే మన ఉప్మా రవ్వ! ఇంగ్లండ్‌లో చాలా ఇళ్ళలో ఇది మామూలేనట. అది తడిని పీల్చుకుని, నూనెలో వేగి, పైన ఇసుకలా సన్నటి కరకర ఇస్తుంది. రవ్వ లేకపోతే బజ్జీల్లో వేసుకునే బియ్యప్పిండి వాడొచ్చు, కానీ దానివల్ల పెచ్చు పలచగా, గట్టిగా వస్తుంది, చల్లారాక పళ్ళకి తగులుతుంది. నా ఓటు రవ్వకే. మంచి పిండి దుంప దొరికిన రోజు ఏదీ వేయకుండా చేయండి, అప్పుడే అసలు దుంప రుచి తెలుస్తుంది.

ఓవెన్

దుంపలు ఉడుకుతుండగానే ఓవెన్ వేడి చేయడం మొదలుపెట్టండి. 220 డిగ్రీలు, ఫారన్‌హీట్ చూపించే అమెరికా ఓవెన్లలో అయితే 425. ఫ్యాన్ ఉన్న ఓవెన్ అయితే 200 చాలు. ఓటీజీలో పైనా కిందా రెండు రాడ్లూ వెలగాలి, ట్రే మధ్య అరలో ఉండాలి. ఖాళీ ట్రేలో మిగిలిన మూడు టేబుల్ స్పూన్ల నూనె పోసి, అది కూడా ఓవెన్‌లోనే పెట్టి పదిహేను నిమిషాలు కాగనివ్వండి. చల్లటి ట్రేలో ముక్కలు పెడితే అడుగు అంటుకుంటుంది, నూనె పీల్చుకుంటుంది. కాగిన నూనెలో పెడితే ముక్క తగలగానే చుయ్యిమని, ఆ క్షణంలోనే కింద పెచ్చు కట్టడం మొదలవుతుంది. గారె నూనెలో వేసేముందు నూనె కాగిందా లేదా చూసుకుంటాం కదా, ఇదీ అంతే.

ఏ నూనె అంటే, నేను రిఫైన్డ్ వేరుశనగ నూనె వాడతాను, ఆ వేడిని తట్టుకుంటుంది. సన్‌ఫ్లవర్ నూనైనా ఫర్వాలేదు. ఇంగ్లండ్‌లో బాతు కొవ్వో, ఎద్దు మాంసం కొవ్వో వాడేవాళ్ళు ఎక్కువ, మనకి దానికి సాటి నెయ్యి. సగం నూనె, సగం నెయ్యి పోస్తే ఆ కమ్మదనమే వేరు. వెన్న మాత్రం వద్దు, అందులోని పాల పదార్థం ఈ వేడికి నల్లగా మాడిపోతుంది. నెయ్యి కాచేటప్పుడు దాన్ని మనం గోకుడుగా వేరు చేసేస్తాం కాబట్టి నెయ్యికి ఆ బెడద లేదు.

ట్రే బయటికి తీసేటప్పుడు మంచి పొడి గ్లవ్స్ వేసుకోండి. తడి గుడ్డతో పట్టుకుంటే వేడి క్షణంలో చేతికి దిగుతుంది, ఒకసారి నా అరచెయ్యి బొబ్బలెక్కింది. పిల్లల్ని వంటింట్లోంచి పంపేయండి, ట్రేని గట్టు మీద బల్లపరుపుగా పెట్టాకే ముక్కలు వేయండి, పటకారుతో ఒక్కొక్కటే, కోసిన ముఖం కిందికి ఉండేలా. గిన్నెని ట్రేలోకి ఒక్కసారిగా వంపేయకండి, వేడి నూనె చిందుతుంది. వేశాక ఒక్కోదాన్నీ ఒకసారి నూనెలో దొర్లించి, మధ్యలో సందులు వదిలి, లోపల పెట్టేయండి.

ఇక ఇరవై ఐదు నిమిషాలు ముట్టుకోవద్దు. తలుపు తీసి చూడొద్దు, కదపొద్దు. ఐదు నిమిషాలకోసారి కదిపే అలవాటు వేపుడుది, ఇక్కడ కదిపితే కట్టీకట్టని పెచ్చు ట్రేకే అంటుకుని ముక్క నుంచి ఊడిపోతుంది. ఇరవై ఐదు నిమిషాల తర్వాత పలచటి అట్లకాడ కిందికి తోసి తిప్పి చూడండి. సులువుగా లేస్తే తిప్పండి, మొండికేస్తే ఇంకో ఐదు నిమిషాలు వదిలేయండి, పెచ్చు పూర్తిగా కట్టాక అదే వదులుతుంది. తిప్పాక మరో పదిహేను, ఇరవై నిమిషాలు, ఇంకోసారి తిప్పి ఇంకో పది నిమిషాలు. మొత్తం యాభై నుంచి అరవై నిమిషాలు. ట్రే వెనకవైపు ముక్కలు తొందరగా వేగుతుంటే సగంలో ట్రేని తిప్పి పెట్టండి, చిన్న ఓటీజీల్లో ఇది తప్పనిసరి.

రంగు చూసి దించాలి, గడియారం చూసి కాదు. బాగా కాగిన తేనె రంగు వస్తే చాలు. ముదురు గోధుమ రంగు దాటనివ్వొద్దు. పిండి పదార్థాలు ఎక్కువ వేడిలో మాడేకొద్దీ అక్రిలమైడ్ అనే హానికరమైన పదార్థం పెరుగుతుందని, బంగారు రంగు దగ్గరే ఆపమని ఇంగ్లండ్ ఆహార ప్రమాణాల సంస్థ 2017లో ప్రత్యేకంగా ప్రచారం కూడా చేసింది. రుచికి కూడా అదే సరైన చోటు.

మీ ఓవెన్ డయల్‌ని పూర్తిగా నమ్మకండి. మా ఓటీజీలో 220 పెడితే లోపల నిజంగా ఉండేది 195. ఓవెన్‌లో వేలాడదీసే చిన్న థర్మామీటర్ తెచ్చి చూశాకే తెలిసింది, అప్పటిదాకా దుంపని తిట్టుకున్నాను. ఇప్పుడు డయల్‌ని చివరిదాకా తిప్పేస్తాను.

కన్వెక్షన్ మైక్రోవేవ్ ఉన్నవాళ్ళు కన్వెక్షన్ మోడ్‌లోనే చేయాలి, కంపెనీ ఇచ్చిన ట్రే, స్టాండు మాత్రమే వాడాలి, సమయం ఇంకో పదిహేను నిమిషాలు ఎక్కువ వేసుకోండి. ఉత్త మైక్రోవేవ్‌లో ఇది కుదరదు, అది లోపలి నీటిని వేడి చేసి ఆవిరి పుట్టిస్తుంది కానీ పైపొరని ఆరబెట్టదు. ఎయిర్ ఫ్రయర్‌లో అయితే అర కిలో, 200 డిగ్రీలు, ఇరవై నుంచి పాతిక నిమిషాలు, మధ్యలో ఒకసారి తిప్పితే చాలు. పెచ్చు బాగానే వస్తుంది, ట్రేలో నూనెలో కూర్చుని వేగిన అడుగు భాగం రుచి మాత్రం దానికి రాదు.

కారం ఎప్పుడు వేయాలి

మన చేతికి అలవాటైన పని ముందే కారం, పసుపు పట్టించడం. దయచేసి ఇక్కడ ఆ పని చేయొద్దు. 220 డిగ్రీల్లో గంటసేపు ఉంటే కారం మాడి ఘాటు పోయి చేదెక్కుతుంది, వెల్లుల్లి బొగ్గవుతుంది, ధనియాల పొడి వాసన పోతుంది. ఇంట్లో బంధువులున్న ఒక ఆదివారం నేను వెల్లుల్లి ముద్ద ముందే పట్టించి కిలో దుంపలు చేదు చేశాను, ఎవరూ రెండో ముక్క తీసుకోలేదు.

దుంపలు దించడానికి ఐదు నిమిషాల ముందు చిన్న మూకుడులో నెయ్యి వేడి చేసి, కచ్చాపచ్చాగా దంచిన వెల్లుల్లి వేసి, రంగు మారడం మొదలవగానే కరివేపాకు వేసి, ఆకు గలగలలాడగానే పొయ్యి కట్టేయండి. వెడల్పాటి బేసిన్‌లోకి దుంపలు తీసుకుని, ఈ పోపు, వెల్లుల్లి కారం, చిటికెడు ఉప్పు వేసి పైకీ కిందికీ ఎగరేసి కలపండి. గరిటె పెట్టి కలిపితే పెచ్చులు రాలిపోతాయి. వెల్లుల్లి కారం బదులు నువ్వుల పొడి, పల్లీల కారం, నల్లకారం, ఏదైనా బాగుంటుంది, పొడిగా ఉండాలి అంతే. పచ్చడి కలపొద్దు, అందులో తడి ఉంటుంది. నిమ్మరసం కావాలనుకునేవాళ్ళు కంచంలో పిండుకోవాలి, బేసిన్‌లో పిండితే పది నిమిషాల్లో అన్నీ మెత్తబడతాయి. పిల్లలకైతే ఉప్పు, మిరియాల పొడి చాలు, మా మనవడికి అదే ఇష్టం.

వడ్డించడం దగ్గర జరిగే తప్పు

ఇంత కష్టపడి చేసి చివర్లో హాట్ బాక్స్‌లో పెట్టి మూత బిగిస్తారు. వద్దు. మూత కింద ఆవిరి చేరి, చుక్కలై, మళ్ళీ వాటి మీదే పడుతుంది, గంటసేపు మనం పోగొట్టిన తడి పది నిమిషాల్లో తిరిగొస్తుంది. మా తమ్ముడు వాళ్ళు భోజనానికి వస్తామంటే ముందే చేసి అలా మూత పెట్టేశాను, వాళ్ళు వచ్చేసరికి ఉడకబెట్టిన దుంపల్లా అయిపోయాయి. మిగతా వంటంతా అయ్యి, కంచాలు పెట్టాకే వీటిని ఓవెన్‌లోంచి దించండి. వచ్చేవాళ్ళు ఆలస్యమైతే ఓవెన్‌ని 100 డిగ్రీలకి తగ్గించి, తలుపు కొంచెం తెరిచి అందులోనే ఉంచండి, అరగంట వరకు బాగానే ఉంటాయి. పోపు అప్పుడు కలపండి.

వేటితో తినాలి అంటే, పప్పుచారు, ముద్దపప్పు, సాంబారు, పెరుగన్నం, ఏదైనా. నాకు బాగా నచ్చేది వేడన్నంలో ముద్దపప్పు, నెయ్యి కలుపుకుని వీటిని నంజుకోవడం. కోడి వేపుడు పక్కన కూడా బాగుంటాయి, కానీ గ్రేవీ కూర పక్కన పెడితే వేరే గిన్నెలో పెట్టండి, పులుసు తగలకూడదు.

పండగలకి, ఎక్కువమంది వచ్చే రోజుకి ముందే సగం పని చేసుకోవచ్చు. ముందురోజు రాత్రి ఉడకబెట్టి, వార్చి, కుదిపి, పళ్ళెంలో పరిచి, చల్లారాక మూత లేకుండా ఫ్రిజ్‌లో పెట్టేయండి. ఫ్రిజ్ గాలికి పైతడి ఇంకా ఆరుతుంది, మర్నాడు వేగితే పెచ్చు ఇంకా బాగా వస్తుంది, ఈ పద్ధతి నాకు అన్నిటికంటే ఇష్టం. నేరుగా ఫ్రిజ్‌లోంచి తీసి కాగిన నూనెలో పెట్టొచ్చు, ఐదు నిమిషాలు ఎక్కువ పడుతుంది. కరెంటు పోయే టైము ఉన్న ఊళ్ళలో ఆ టైము చూసుకుని పెట్టండి, సగంలో పోతే తలుపు తీయకుండా ఉంచి, వచ్చాక కొనసాగించండి. ఓటీజీని ఇన్వర్టర్ మీద నడపాలని చూడకండి, ఒకటిన్నర వేల వాట్లు, అంతకంటే ఎక్కువే లాగుతుంది. పెద్ద ప్లగ్ పాయింట్‌లోనే పెట్టండి, ఎక్స్‌టెన్షన్ బాక్స్ వాడొద్దు.

మిగిలిపోతే మైక్రోవేవ్‌లో వేడి చేయకుండా, అట్ల పెనం మీద చుక్క నూనె వేసి సన్నని సెగ మీద నాలుగు వైపులా తిప్పుతూ ఎనిమిది, పది నిమిషాలు ఉంచండి, దాదాపు మొదటిరోజులాగే వస్తాయి. ట్రే అడుగున మిగిలిన నూనె, అందులో వేగిన చిన్న చిన్న పెచ్చులు పారేయొద్దు. ఆ రోజు మిగిలిన అన్నం అందులో వేసి, ఉప్పు, కాస్త వెల్లుల్లి కారం చల్లి, వేడి తగ్గని ట్రేలోనే కలిపి చూడండి. మా ఇంట్లో దానికోసం వాటాలు వేసుకుంటారు.